లేహ్ – పోర్ట్‌బ్లెయిర్ విమాన ప్రయాణం: ఏ దారి మేలు, రాత్రి ఎక్కడ ఆగాలి?

లద్దాఖ్‌లోని లేహ్ విమానాశ్రయం నుంచి అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయానికి గగనదూరం సుమారు 2,940 కిలోమీటర్లు. విమాన దూరాలను లెక్కకట్టి చూపే వెబ్‌సైట్లలో ఈ రెండు పేర్లూ ఇస్తే, దూరంతో పాటు దాదాపు నాలుగు గంటల ప్రయాణ సమయం కూడా కనిపిస్తుంది. దూరం సరైనదే. సమయం మాత్రం లేని విమానానికి కట్టిన లెక్క. ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా ప్రయాణికుల విమానం నడవదు కాబట్టి ఢిల్లీలో ఒకసారి, చాలా సందర్భాల్లో మరో నగరంలో ఇంకోసారి విమానం మారవలసి ఉంటుంది. లద్దాఖ్ నుంచి అండమాన్‌కు బదిలీ అయిన సైనికులూ, కేంద్ర ప్రభుత్వోద్యోగులూ, ఒకే సెలవులో మంచుకొండలనూ సముద్రాన్నీ చూడదలచిన పర్యాటకులూ ఆ నాలుగు గంటలను మనసులో పెట్టుకుని సెలవు రోజులు లెక్క వేసుకుంటే ఇబ్బంది పడతారు. పోర్ట్‌బ్లెయిర్ నగరం పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. అయితే ప్రయాణికుల వాడుకలో పాత పేరే ఎక్కువగా ఉన్నందున ఈ వ్యాసంలోనూ దానినే వాడుతున్నాను.

ఢిల్లీ, కోల్‌కతా, హైదరాబాద్, చెన్నై మీదుగా ఉన్న దారులను ఇక్కడ పోల్చి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ ప్రయాణంలో దూరం తేడా, గాలిలో గడిపే సమయం తేడా రెండూ స్వల్పమే. నిర్ణయించుకోవలసింది రాత్రి మజిలీ ఎక్కడన్నది. పైగా వెళ్ళేటప్పుడు సరిపోయిన సమాధానం తిరిగి వచ్చేటప్పుడు సరిపోదు.

గగనదూరం ఎంతవరకు పనికొస్తుంది?

గగనదూరం అంటే భూగోళం మీద రెండు బిందువుల మధ్య ఉండే అతి దగ్గరి దారి. లేహ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఆ గీత గీస్తే అది ఆగ్నేయంగా సాగి, టిబెట్ పశ్చిమ అంచునూ, నేపాల్‌నూ దాటి, గంగా మైదానం మీదుగా తూర్పు తీరం చేరి, అక్కడి నుంచి బంగాళాఖాతం మీదికి వెళ్తుంది. రాజకీయ కారణాలను పక్కన పెట్టినా ప్రయాణికుల విమానం ఆ దారి పట్టడం తేలిక కాదు. విమానంలో గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగుల ఎత్తుకు దిగాలి; సీట్ల పైనుంచి జారిపడే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు మాత్రమే వస్తుంది. కింద ఉన్న నేలే పది వేల అడుగులకు మించి ఉంటే దిగడానికి చోటుండదు. అందుకే విమానాలు ఎత్తయిన పీఠభూమిని వీలైనంత త్వరగా దాటి మైదానం మీదికి వచ్చే దారినే ఎంచుకుంటాయి. లేహ్ నుంచి బయల్దేరే విమానం కూడా దక్షిణంగా ఢిల్లీ వైపు దిగివస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే, ఢిల్లీ మీదుగా తిరిగినందువల్ల దూరం పెద్దగా పెరగదు. లేహ్ నుంచి ఢిల్లీ 620 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 2,485 కిలోమీటర్లు, వెరసి 3,105. అంటే అతి దగ్గరి దారికంటే 165 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. ఢిల్లీ, కోల్‌కతా మీదుగా అయితే మొత్తం 3,240 కిలోమీటర్లు. ఢిల్లీ, హైదరాబాద్ మీదుగా 3,545. ఢిల్లీ, చెన్నై మీదుగా 3,750. బెంగళూరు దారి వీటన్నిటికంటే పొడవు, దానివల్ల ప్రత్యేక లాభమూ కనిపించదు కనుక దాన్ని వదిలేస్తున్నాను.

గాలిలో గడిపే సమయం చూసినా ఇంతే. లేహ్–ఢిల్లీ ఒక గంటా ఇరవై నిమిషాలు. ఢిల్లీ నుంచి నేరుగా పోర్ట్‌బ్లెయిర్‌కు విమానం దొరికితే మరో మూడు గంటల నలభై నిమిషాలు, మొత్తం ఐదు గంటలు. కోల్‌కతా దారిలో ఢిల్లీ–కోల్‌కతా, కోల్‌కతా–పోర్ట్‌బ్లెయిర్ రెండూ రెండుంబావు గంటల చొప్పున పడతాయి కాబట్టి మొత్తం ఐదు గంటల యాభై నిమిషాలు. హైదరాబాద్ దారిలో ఆరు గంటలు దాటుతుంది, చెన్నై దారిలో ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాల వరకు అవుతుంది. అన్నిటికంటే దగ్గరి దారికీ అన్నిటికంటే దూరపు దారికీ మధ్య తేడా గంటన్నరకు లోపే. ఇంటి గడప నుంచి గమ్యం దాకా ప్రయాణం ఇరవై నాలుగు గంటలో అంతకు మించో పడుతున్నప్పుడు ఈ గంటన్నరను చూసి దారిని ఎంచుకోవడంలో అర్థం లేదు.

రెండు కొసలా పొద్దుటి పూటే పని

రెండు కొసల్లోని విమానాశ్రయాలూ మామూలు నగరాల విమానాశ్రయాల్లా పగలూ రాత్రీ పనిచేయవు, ఈ ప్రయాణంలోని చిక్కంతా అక్కడే ఉంది. రెండూ రక్షణ దళాల స్థావరాలే: లేహ్ వాయుసేనది, పోర్ట్‌బ్లెయిర్‌లోని రన్‌వే ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్ అనే నౌకాదళ స్థావరానిది. ప్రయాణికుల విమానాలు ఆ దళాల అవసరాలకు అనుగుణంగా తమ వేళలను సర్దుకుంటాయి.

లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉంది. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్, మేజర్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకుని అప్పటికప్పుడు చదును చేసిన నేల మీద డకోటా విమానాన్ని దించిన చోటది. ఇప్పుడు అక్కడ మంచి రన్‌వే ఉంది, పెద్ద జెట్ విమానాలు దిగుతున్నాయి. కానీ కొండలూ గాలీ అప్పటివే. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 72 శాతం మాత్రమే. వేసవిలో మిట్టమధ్యాహ్నం నేల వేడెక్కితే అది మూడింట రెండు వంతులకు పడిపోతుంది. గాలి పలచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ల శక్తీ తగ్గుతుంది. అందువల్ల అదే విమానం పైకి లేవాలంటే ఎక్కువ వేగం, ఎక్కువ రన్‌వే కావాలి, లేదా బరువైనా తగ్గించుకోవాలి. దానికి తోడు మధ్యాహ్నం అయ్యేసరికి సింధు లోయలో గాలులు ఊపందుకుంటాయి. ఈ కారణాల వల్ల లేహ్‌లో రాకపోకలు ప్రధానంగా ఉదయం పూటే ముగుస్తాయి. 2024 జులై చివరి రోజుల్లో లేహ్‌లో ఎండ అసాధారణంగా కాసినప్పుడు వరసగా కొన్ని విమానాలు రద్దయ్యాయి. లద్దాఖ్‌లో విమానం ఆగిపోవడానికి మంచే కారణం కానక్కరలేదని దీన్ని బట్టి తెలుసుకోవాలి.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఎత్తు సమస్య లేదు, రన్‌వే మూడు వేల మీటర్లకు పైగా ఉంది. 2023 జులైలో ప్రారంభమైన కొత్త టెర్మినల్ ఏడాదికి 50 లక్షల మందికి సరిపోయేలా కట్టినది. అయినా అక్కడికి వచ్చే విమానాల్లో ఎక్కువ భాగం ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే దిగి, వెంటనే తిరిగి వెళ్ళిపోతాయి. ఇక్కడ వెలుతురు విషయం కూడా గుర్తుంచుకోవాలి. దేశమంతటా ఒకే గడియారం కాబట్టి మనకు తట్టదు కానీ, రేఖాంశాల తేడా వల్ల లేహ్‌కంటే పోర్ట్‌బ్లెయిర్‌లో సూర్యుడు నడినెత్తికి ఒక గంట ముందే వస్తాడు. శీతకాలంలో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. సైనిక అవసరాల కోసం ఆకాశాన్ని మూసివేయడం మరో సంగతి: క్షిపణి పరీక్ష కోసం 2025 మే 23, 24 తేదీల్లో ఉదయం మూడేసి గంటల పాటు అండమాన్ గగనతలాన్ని మూశారు. అదే నెలలో, సరిహద్దు ఘర్షణ సమయంలో, ఉత్తర, పశ్చిమ భారతంలో తాత్కాలికంగా మూసిన 32 విమానాశ్రయాల్లో లేహ్ కూడా ఉంది. ఇలాంటివి అరుదే అయినా, రెండు కొసలూ ఒకే వారంలో సవ్యంగా పనిచేస్తాయన్న ధీమాతో ఒక్క రోజు కూడా అదనంగా పెట్టుకోకపోవడం తెలివైన పని కాదు.

లేహ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు

లేహ్‌లో ఉదయం ఏడింటికి, ఎనిమిదింటికి బయల్దేరే విమానం ఎక్కితే తొమ్మిదిన్నర లోపల ఢిల్లీలో ఉంటారు. పోర్ట్‌బ్లెయిర్‌లో మధ్యాహ్నం పూటే దిగాలంటే, నేరుగా వెళ్ళే విమానమైతే ఢిల్లీ నుంచి పొద్దున పదీ పదకొండు గంటల మధ్య బయల్దేరాలి. ఇది కాగితం మీద సాధ్యమే. అలాంటి విమానం ఆ రోజు ఉండి, అదే సంస్థది అయి, రెండూ ఒకే టికెట్ మీద దొరికితే తప్ప నేను దాని జోలికి పోను. లేహ్ విమానం గంట ఆలస్యమైందంటే రెండోది వెళ్ళిపోతుంది; ఆ రోజుకు పోర్ట్‌బ్లెయిర్‌కు మరొకటి ఉండదు. సగం దూరం వచ్చి, అనుకోని చోట, కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి రాత్రికి గది వెతుక్కోవడంకంటే ముందే అనుకున్న చోట రాత్రి ఉండటం నయం.

అందుచేత ఈ దిశలో నా మొదటి సిఫార్సు కోల్‌కతా మజిలీ. పొద్దున లేహ్ వదిలి, ఢిల్లీలో నాలుగైదు గంటల వ్యవధి పెట్టుకుని, మధ్యాహ్నమో సాయంత్రమో కోల్‌కతా విమానం ఎక్కి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు పొద్దున్నే పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరాలి. ఢిల్లీ–కోల్‌కతా మధ్య రోజంతా విమానాలుంటాయి కాబట్టి లేహ్ విమానం మధ్యాహ్నం దాకా ఆలస్యమైనా ఆ రాత్రికి కోల్‌కతా చేరవచ్చు. మారుమూల విమానాశ్రయానికి ముందున్న ఆఖరి పెద్ద ఊళ్ళో రాత్రి గడపడం వల్ల ఆలస్యమంతా మొదటి రోజులోనే సర్దుకుపోతుంది. ఢిల్లీలోనే పడుకుని మర్నాడు తెల్లవారుజామున కోల్‌కతా వెళ్ళి, అక్కడ వెంటనే పోర్ట్‌బ్లెయిర్ విమానం అందుకోవచ్చునని టికెట్ వెబ్‌సైట్లు చూపిస్తుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో అది దాదాపు జూదమే, ఎందుకంటే ఢిల్లీలో పొగమంచు దట్టంగా ఉండేది ఆ తెల్లవారుజామునే.

చెన్నై దారికి ఒక బలం ఉంది: అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఎన్నో ఏళ్ళుగా నిలకడగా విమానాలు నడుస్తున్నాయి, అండమాన్ వాసులకు వైద్యానికైనా చదువులకైనా చెన్నైతో రాకపోకలు ఎక్కువ. పొగమంచు బెడదా లేదు. బలహీనత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు రన్‌వే మీద నీళ్ళు నిలిచాయి. ఆ మూడు నెలల్లో కోల్‌కతా, మిగతా కాలంలో కోల్‌కతా గానీ చెన్నై గానీ, ఏది చౌకగా దొరికితే అది అన్నది మంచి నియమం. ఏప్రిల్, మే నెలల్లో కోల్‌కతాలో సాయంత్రం పూట కాలబైశాఖి గాలివానలు వస్తాయి. అవి గంటా రెండు గంటల్లో తేలిపోతాయి కాబట్టి వాటికి భయపడి దారి మార్చుకోనక్కరలేదు.

మనవాళ్ళకు మాత్రం హైదరాబాద్ దారి వేరే లెక్కలో పడుతుంది. లద్దాఖ్‌లో పనిచేస్తున్న తెలుగు జవాను బదిలీ మీద అండమాన్ వెళ్తుంటే, మధ్యలో ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఉండి పోవడం సహజం. కోల్‌కతా దారికంటే 305 కిలోమీటర్లు ఎక్కువైనా, లాడ్జి ఖర్చు లేకపోవడం, మధ్యలో దొరికే రోజులు, ఉన్ని బట్టలు ఇంట్లో పడేసి నూలు బట్టలు సర్దుకునే వీలు, వీటన్నిటినీ చూస్తే ఆ 305 కిలోమీటర్లు లెక్కలోకి రావు. హైదరాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1,660 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి అండమాన్‌కు వలస వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి విశాఖపట్నమే దగ్గర: ఆకాశంలో 1,225 కిలోమీటర్లు, అంటే కోల్‌కతా కంటే కూడా తక్కువ. అయితే విశాఖ నుంచి నేరుగా విమానం ఉందో లేదో టికెట్ తీసుకునే నాటికి చూసుకోవాలి. ఓడ ఉంది గానీ రెండున్నర రోజుల ప్రయాణం, పైగా అది రోజూ బయల్దేరదు. పెద్ద పెట్టెలతో కుటుంబ సమేతంగా మకాం మార్చేవారికి తప్ప ఈ పోలికలో ఓడకు చోటు లేదు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి లేహ్‌కు

ఈ దిశలో ఎంపిక చాలావరకు మన చేతుల్లో ఉండదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఏ దారిన వచ్చినా ఢిల్లీ చేరేసరికి మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది. లేహ్ విమానాలు ఆ రోజుకు అప్పటికే వెళ్ళిపోయి ఉంటాయి. కనుక రాత్రి మజిలీ ఢిల్లీలోనే. చండీగఢ్ నుంచి లేహ్‌కు దూరం 390 కిలోమీటర్లే అయినా ఢిల్లీ నుంచి ఉన్నన్ని విమానాలు అక్కడి నుంచి ఉండవు; ఒకటి రద్దయితే ఇంకోటి అన్న వెసులుబాటు ఢిల్లీలోనే ఎక్కువ. మజిలీ నిర్ణయమైపోయింది కాబట్టి ఇక ఢిల్లీ దాకా రావడానికి ఏ దారి చౌకైతే ఆ దారి పట్టవచ్చు. ఆలస్యమైనా రాత్రంతా చేతిలో ఉంటుంది గనుక ఇక్కడ వేరువేరు టికెట్లు తీసుకున్నా ముప్పు తక్కువే.

ఢిల్లీలో గది తీసుకునే ముందు మర్నాటి లేహ్ విమానం ఏ టెర్మినల్ నుంచో చూసుకోవాలి. ఒకటో టెర్మినల్‌కూ మూడో టెర్మినల్‌కూ మధ్య నడిచి వెళ్ళే దూరం కాదు, రోడ్డు మీదుగా తిరిగి వెళ్ళాలి. తెల్లవారుజామున నాలుగింటికి మెట్రో ఉండదు. మహిపాల్‌పూర్‌లో ఓ మోస్తరు లాడ్జిలు, ఏరోసిటీలో ఖరీదైన హోటళ్ళు ఉన్నాయి. నాలుగైదు గంటల నిద్ర కోసం ఏరోసిటీ ధర పెట్టడం దండగ అనిపించవచ్చు కానీ, వృద్ధులూ చిన్నపిల్లలూ వెంట ఉంటే ఆ ఖర్చును తప్పుపట్టలేం. మర్నాడు వాళ్ళు దిగబోయేది ఆక్సిజన్ తక్కువగా ఉండే చోట.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎగురుతున్న విమానం లోపల గాలి ఒత్తిడిని, బయట ఎంత ఎత్తున ఉన్నా, సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉండే ఒత్తిడికి తగ్గకుండా ఉంచుతారు. లేహ్ రన్‌వే అంతకంటే 800 మీటర్లు పైన ఉంది. కాబట్టి మిగతా ఊళ్ళలో విమానం దిగుతున్నప్పుడు లోపలి ఒత్తిడి పెరిగితే, లేహ్‌లో స్పితుక్ మఠమున్న కొండను దాటి రన్‌వే మీదికి దిగేసరికి అది ఇంకా తగ్గి ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో కొన్న చిప్స్ ప్యాకెట్‌ను చేతిలో పట్టుకుంటే, విమానం కిందికి దిగిన తర్వాత కూడా అది బిర్రుగా ఉబ్బే ఉంటుంది. అటునుంచి వచ్చేవారు లేహ్‌లో మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసాను పోర్ట్‌బ్లెయిర్‌లో సంచిలోంచి తీస్తే నొక్కుకుపోయి ఉంటుంది. లేహ్‌లో తగ్గే ఆ ఒత్తిడి ప్రభావం ఒంటి మీదా పడుతుంది. సముద్రమట్టం నుంచి ఒక్కసారిగా 3,256 మీటర్లకు వెళ్ళినవారు మొదటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండాలన్నది లద్దాఖ్‌లో వైద్యులందరూ చెప్పే మాట. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు టికెట్ కొనకముందే తమ వైద్యుణ్ణి అడగాలి. దారిలో ఢిల్లీలో పడుకున్న రాత్రి ఈ విశ్రాంతి కిందకు రాదు, ఎందుకంటే ఢిల్లీ ఎత్తు రెండు వందల పైచిలుకు మీటర్లే.

అండమాన్‌లో స్కూబా డైవింగ్ చేసినవారికి ఇది మరీ ముఖ్యం. నీటి లోతుల్లో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఒత్తిడి తొందరగా తగ్గితే అది బుడగలై ప్రమాదం తెస్తుంది. అందుకే ఒక్కసారి మునిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్ శిక్షకులు చెబుతారు. ఆ గడువులు మామూలు విమానం లోపలి ఒత్తిడిని బట్టి పెట్టినవి. లేహ్‌లో నేల మీదే అంతకంటే తక్కువ ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడికి వెళ్ళేవారు డైవింగ్‌కూ ప్రయాణానికీ మధ్య ఇంకా ఎక్కువ వ్యవధి ఉంచుకుని, ఎంతన్నది డైవింగ్ తెలిసిన వైద్యుణ్ణి అడగడం మంచిది. రెండు చోట్లనూ ఒకే యాత్రలో చూడదలచుకున్నవారికి నా సలహా ఒక్కటే: ముందు లేహ్, తర్వాత అండమాన్. కొండ దిగి సముద్రానికి వెళ్ళడంలో ఈ బెడదలేవీ లేవు.

ఏ నెలలో?

లేహ్‌లో పర్యాటకుల రద్దీ మే నుంచి సెప్టెంబరు వరకు, అండమాన్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉంటుంది. ఆ లెక్కన, ఒక్క అక్టోబరు తప్ప, ఈ ప్రయాణం ఎప్పుడు చేసినా ఒక కొసన రద్దీ, మరో కొసన ఖాళీ. దీనివల్ల పూర్తి దారి ఒకేసారి చౌకగా దొరకడం అరుదు. వాతావరణం దృష్ట్యా నాకు ఏప్రిల్ మెరుగనిపిస్తుంది: ఢిల్లీలో పొగమంచు పోయి ఉంటుంది, లేహ్‌లో రన్‌వే వేడెక్కదు, అండమాన్‌కు నైరుతి రుతుపవనాలు ఇంకా రావు. రెండో స్థానం అక్టోబరుది. శీతకాలంలో లేహ్‌లో విమానం రద్దయితే రోడ్డు దారి కూడా నమ్మదగినది కాదు. మనాలి దారి మంచుతో మూసుకుపోతుంది. వేసవిలో అయితే, మరీ అత్యవసరమైతే, మనాలి గుండా గానీ శ్రీనగర్ గుండా గానీ రెండు రోజుల్లో కిందికి దిగిపోవచ్చు.

టికెట్, సామాను

లేహ్ నుంచి బయల్దేరే దిశలో, కనీసం ఢిల్లీ దాటే వరకైనా, ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ ఉండటం తప్పనిసరి అని నా అభిప్రాయం. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి ఏర్పాటు చూడవలసిన బాధ్యత విమానయాన సంస్థ మీద ఉంటుంది. వేరువేరుగా కొన్నవైతే, రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అంతే. వాతావరణం వల్ల విమానం రద్దయితే నష్టపరిహారం రాదు. డబ్బు వాపసు గానీ, మరో విమానంలో సీటు గానీ కోరే హక్కు మాత్రం ఉంటుంది. లేహ్‌లో రద్దులకు కారణం చాలాసార్లు వాతావరణమే కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి. విడిగా కొన్నదాంట్లో ఐదారు వందలు మిగిలాయన్న సంతోషం ఒక్క రద్దుతో ఆవిరవుతుంది.

లేహ్ నుంచి బరువైన సామానుతో బయల్దేరేవారు మధ్యాహ్నానికి దగ్గరగా ఉన్న విమానంకంటే పొద్దుటి మొదటి విమానం ఎంచుకోవాలి. వేడి పెరిగే కొద్దీ విమానం మోయగల బరువు తగ్గుతుంది, ప్రయాణికులనో సామానునో తగ్గించవలసి వస్తుంది. మజిలీ ఊళ్ళో సామాను చేతికి వస్తుందా, నేరుగా గమ్యానికి పోతుందా అన్నది చెక్-ఇన్ కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోవాలి. అప్పుడు ట్యాగ్ మీద అక్షరాలు ఒకసారి చదువుకోండి: లేహ్ కోడ్ ఐఎక్స్ఎల్, పోర్ట్‌బ్లెయిర్ కోడ్ ఐఎక్స్‌జెడ్. చివరి అక్షరం ఒక్కటే తేడా. బుకింగ్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుకు బదులు కోడ్ కొట్టే అలవాటు ఉన్నవారు మరీ చూసుకోవాలి, ఎందుకంటే చండీగఢ్, మదురై, బాగ్‌డోగ్రా, రాంచీ కోడ్‌లు కూడా ఐఎక్స్‌తోనే మొదలవుతాయి.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన రోజే స్వరాజ్ ద్వీప్‌కు, అంటే ఒకప్పటి హేవ్‌లాక్‌కు, పడవ టికెట్ తీసుకునేవారు విమానం దిగే వేళకూ పడవ బయల్దేరే వేళకూ మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోవాలి. లేహ్ నుంచి వస్తున్నవారైతే ఆ పడవ టికెట్‌ను మర్నాటికే తీసుకోవడం మేలు. ముందు రోజు కోల్‌కతాలో మజిలీ చేసినవారికి కూడా పోర్ట్‌బ్లెయిర్ విమానం ఒక్కటి ఆలస్యమైతే సాయంత్రం పడవ అందదు.